మిగిలిన ఊలు ఉండలతో మేజోళ్ళు, బహుమతులు: పాదం నుంచి మొదలయ్యే అల్లిక

నల్గొండలో ఉండి ఊలు మేజోళ్ళు అల్లుతానంటే ముందు నవ్వుతారు. మే నెలలో గడియారం సెంటర్‌లో తారు రోడ్డు మెత్తబడే ఊరికి ఊలుతో పనేమిటని అడుగుతారు. అలా నవ్వినవాళ్ళే మార్గశిరం వచ్చేసరికి మెల్లగా దగ్గర చేరి, మా అత్తమ్మకు ఒక జత అల్లి ఇస్తావా అంటారు.

షాబాద్ బండల నేల మీద తెల్లవారుజామున లేచి నడిచే పెద్దవాళ్ళ అరికాళ్ళు జివ్వుమంటాయి. బాలింత చెవులకు గుడ్డ కట్టుకుని, కాళ్ళకు ఏదో ఒకటి తొడుక్కునే కూర్చుంటుంది. వానాకాలం వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి, రాసి పక్కనే రాత్రంతా పడుకునే రైతుకు చలి ముందు తలకూ తర్వాత కాళ్ళకూ తగులుతుంది. ఇక మడమలు పగిలినవాళ్ళు ఎండాకాలంలో కూడా రాత్రిపూట నూనె రాసుకుని, పైన నూలు మేజోళ్ళు తొడుక్కుని పడుకుంటారు. అంటే పని ఉంది. అయితే మనకు దొరికే అల్లిక నమూనాలు చాలావరకు మంచు దేశాల్లో, రోజంతా బూట్లలో ఉండే కాళ్ళ కోసం రాసినవి. మన కాళ్ళకు మెట్టెలుంటాయి, పట్టీలుంటాయి, పేరంటం రోజున పసుపు ఉంటుంది, కింద రెండు పట్టీల చెప్పు ఉంటుంది. అందుకే నేను మొదట పాదం చూస్తాను, తర్వాత పెట్టెలో ఉన్న ఊలు చూస్తాను, నమూనా సంగతి చివరికి. ఈ మార్గదర్శి కూడా ఆ పద్ధతిలోనే సాగుతుంది. కొత్త ఊలు కొనమని ఎక్కడా చెప్పను.

పెట్టె దించి, ఊలు ఏమిటో తేల్చుకోవడం

మన ఇళ్ళలో ఊలు రకరకాల దారుల్లో చేరుతుంది. ఒకప్పుడు గుమ్మానికి ఊలు తోరణాలు, టీవీ మీద ఊలు పూలు చేసుకున్న రోజుల మిగులు ఒకటి. దేవరకొండ వైపు తండాల్లో కుచ్చుల కోసం కొనే ముదురు గులాబీ, చిలకాకుపచ్చ రంగుల ఉండలు ఒకటి. సగంలో ఆగిన స్వెట్టర్లు ప్రతి ఇంట్లో కనీసం ఒకటి. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు చుట్టాలుంటే మగ్గం మీద మిగిలిన రంగు నూలు చిలపలు, అంటే వదులు చుట్టలు కూడా దొరుకుతాయి. అన్నీ ఒక దుప్పటి మీద గుమ్మరించండి.

చీటీ ఉన్నవాటిని పక్కన పెడితే, మిగతావాటి సంగతి నిప్పు చెబుతుంది. స్టీలు పళ్ళెంలో, పక్కన చెంబు నీళ్ళు పెట్టుకుని, వేలెడు పోగును పట్టకారుతో పట్టి అంటించండి. అసలు ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మంట తీయగానే తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ కరిగి, నల్లటి పొగ వదిలి, గట్టి పూస కడుతుంది. మన దుకాణాల్లో ఊలు పేరుతో అమ్మేది ఎక్కువగా ఈ మూడోదే. లూధియానా నుంచి వచ్చే వర్ధమాన్ లాంటి కంపెనీల ఉండల మీద చీటీ చదివితే యాక్రిలిక్ అని రాసే ఉంటుంది. అందులో చిన్నతనమేమీ లేదు. ఉతకడం తేలిక, చిమ్మెట ముట్టదు, పసిపిల్లలకు గుచ్చుకోదు. కాకపోతే చెమట పీల్చదు, ఇస్త్రీ పెట్టె తగిలితే వడలిన తోటకూరలా వేలాడి మళ్ళీ కోలుకోదు.

ఈ పరీక్ష ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా మొదటి జత దీని వల్లే పోయింది. చీటీ లేని బూడిదరంగు ఊలుతో మా మేనత్తకు మోకాళ్ళ దాకా మేజోళ్ళు అల్లాను. అది అసలు ఉన్ని అని నాకు తెలియదు. ఒకసారి వేడినీళ్ళలో యంత్రంలో తిరిగి బయటకు వచ్చేసరికి గొంగడి ముక్కల్లా గట్టిపడి, మూడేళ్ళ పిల్లకు కూడా పట్టనంత అయ్యాయి. మా మేనత్త ఏమీ అనలేదు, వాటిలో ఒకదాన్ని వేడి గిన్నె దించే మసిగుడ్డగా వాడుకుంది.

గొంగడి మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పాలమూరు వైపు దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని దొరికితే ఆశపడి మేజోళ్ళకు వాడకండి. గొంగడికి బలం ఇచ్చే ఆ బిరుసే చర్మాన్ని గీకుతుంది. ఇంట్లో వేసుకునే ఊలు జోళ్ళకు బయటి పొరగా, గిన్నెల కింద వేసే చాపలకు అది చక్కగా నప్పుతుంది.

మగ్గం మిగులు నూలు చాలా సన్నగా ఉంటుంది కనుక కొన్ని పోగులు కలిపి పట్టుకోవాలి. ఎన్ని అన్నది స్కేలు చెబుతుంది. స్కేలు మీద 2.5 సెంటీమీటర్ల మేర ఒకదాని పక్కన ఒకటి, బిగించకుండా చుట్టండి. 12 నుంచి 14 చుట్లు పడితే ఇక్కడ చెప్పబోయే మేజోడుకు సరిపోయే మందం. ఎక్కువ పడితే ఇంకొన్ని పోగులు కలపండి. కట్టి రంగు అద్దిన చిటికి నూలు అయితే తెలుపు, ఎరుపు, నలుపు ముక్కలు ముక్కలుగా వచ్చి అల్లికలో చినుకులు పడ్డట్టు కనిపిస్తుంది. మగ్గం మీద ఆ రంగులు లెక్క ప్రకారం కలిసి పువ్వు అవుతాయి, సూది మీద లెక్క తప్పి ఇలా అవుతాయి. నాకైతే ఇదీ బాగుంటుంది.

చిలపను ఉండ చేయకుండా అల్లిక మొదలుపెట్టకూడదు. ఎవరి చేతులకైనా చిలప తగిలించి ఉండ చుట్టండి, మనిషి దొరక్కపోతే కుర్చీ వీపు చాలు. పోగు తిప్పడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ భుజం లాగేస్తుంది. ఆసు పోసి పోసి, అంటే చీర నేతకు ముందు పోగును చేత్తో అటూ ఇటూ తిప్పి తిప్పి నొప్పులు పడే తల్లిని చూసే కదా ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసింది. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. మన చిలపలకు యంత్రం అక్కర్లేదు, మధ్య మధ్య చేతులు మార్చుకుంటే సరి.

ఉన్ని ఉండల్లో పొడిపొడిగా తెగిన పోగులు కనిపిస్తే చిమ్మెట చేరినట్టే. ఆ ఉండను ప్లాస్టిక్ సంచిలో బిగించి 3 రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, తీసి, మామూలు వేడికి వచ్చాక మళ్ళీ ఇంకో 3 రోజులు పెట్టండి. వేపాకు వేస్తే మంచిదే, కానీ లోపల ఉన్న పురుగును చంపేది మాత్రం చలి.

తూకాన్ని బట్టి ఎవరికి ఏమిటి

ఇప్పుడు వంటింటి తూకం యంత్రం తెచ్చుకుని ప్రతి ఉండనూ తూచి, చీటీ మీద గ్రాములు రాసి గుచ్చండి. ఇది చేయనివాళ్ళే రెండో మేజోడు మడమ దగ్గర ఊలు అయిపోయి ఏడుస్తారు. నా అనుభవంలో పసిపిల్ల మేజోళ్ళ జతకు 15 నుంచి 20 గ్రాములు, పసిపిల్ల టోపీకి 30, ఫోను సంచికి 20, గిన్నెలు తోమే నూలు పీచుకు 25, పెద్దవాళ్ళ మంకీ క్యాప్‌కు 100, మఫ్లర్‌కు 200 దాకా పడుతుంది. పెద్దవాళ్ళ మేజోళ్ళ జతకు 100 గ్రాములు దగ్గర పెట్టుకోవాలి. అంచు, మడమ, వేళ్ళ భాగం వేరే రంగుతో అల్లితే అసలు రంగు పావు వంతు తగ్గుతుంది, కాబట్టి 75 గ్రాముల ఉండ, 25 గ్రాముల ఇంకో రంగు తుంటలు కలిసి ఒక జత అవుతాయి. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు అతికినట్టు ఇక్కడ కూడా వేరు రంగు అంచు అందమే తెస్తుంది. అయితే ఒక జాగ్రత్త, ఉన్నినీ యాక్రిలిక్‌నూ ఒకే మేజోడులో కలపకండి. ఉతికితే ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి అలాగే ఉంటుంది.

పెద్ద ఉండను మొదటే సరిసమానంగా తూచి రెండు ఉండలు చేయండి. ఒక్కో ఉండ ఒక్కో కాలికి.

సూదులు

గుండ్రంగా అల్లాలి కాబట్టి రెండు వైపులా మొన ఉన్న పొట్టి సూదులు 5, లేదా 80 సెంటీమీటర్లకు తగ్గని తీగ ఉన్న వలయ సూది ఒకటి కావాలి. నేను వలయ సూది పక్షం. దేవరకొండ బస్సులో పొట్టి సూది ఒకటి సీటు కిందకు దొర్లితే దిగేదాకా అల్లిక ఆగిపోవలసిందే. మన దుకాణాల్లో సూదులకు నంబర్లు ఉంటాయి, నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10 నంబర్ అంటే 3.25 మిల్లీమీటర్లు, 12 అంటే 2.75, 14 అంటే 2. మామూలు మందం ఊలుకు 10 నంబర్ చాలు. సన్న నూలుకు 12 లేదా అంతకంటే సన్నవి. సన్న సూదులు దొరకకపోతే పాత సైకిల్ చక్రపు పుల్లలు చూడండి, మామూలుగా అవి సరిగ్గా 2 మిల్లీమీటర్లే. సమానంగా కోసి, రెండు కొసలూ గరుకు కాగితంతో నున్నగా రుద్ది, నూనె గుడ్డతో తుడిస్తే మంచి మేజోళ్ళ సూదులవుతాయి.

కుట్ల పేర్లు ఒక మాట. నిట్, పర్ల్ అని రాస్తున్నాను. నిట్ అంటే ముఖం వైపు నున్నగా కనిపించే కుట్టు, పర్ల్ అంటే దాని తిరగబడ్డ కుట్టు. హిందీవాళ్ళ దగ్గర నేర్చుకున్నవారు సీదా, ఉల్టా అంటారు, రెండూ ఒకటే. ముందుకూ వెనక్కూ తిరిగి అల్లితే వరుస, గుండ్రంగా అల్లితే చుట్టు అంటాను.

కొలత: చెప్పు అబద్ధం చెబుతుంది

బహుమతి కాబట్టి అడగకుండా కొలత తీయాలని సరదా ఉంటుంది. చెప్పు కొలిచి అల్లితే మేజోడు జారిపోతుంది, ఎందుకంటే చెప్పు పాదం కంటే ఎప్పుడూ పెద్దదే. తడికాళ్ళతో బండ మీద నడిచినప్పుడు పడే ముద్ర మేలు, ఆరేలోపు సుద్దముక్కతో గీత గీసుకోవచ్చు. పేరంటంలో కాళ్ళకు పసుపు రాసే పని మీరు తీసుకుంటే ఇంకా మేలు, వేళ్ళ మొదలు దగ్గర చుట్టుకొలత చేతి అందాజుకు వచ్చేస్తుంది. కావలసినవి రెండే కొలతలు: వేళ్ళకు కాస్త కింద పాదం అత్యంత వెడల్పుగా ఉన్నచోట చుట్టుకొలత, మడమ నుంచి బొటనవేలి కొస దాకా పొడవు. చెప్పులు లేకుండా, మడుల్లో తిరిగిన కాళ్ళు ముందుభాగంలో వెడల్పుగా ఉంటాయి. నమూనాలో ఇచ్చిన మధ్యరకం సైజు వాళ్ళకు బిగుసుకుంటుంది, అందుకే ఈ కొలత వదలకూడదు.

తర్వాత అదే ఊలు, అవే సూదులతో 12 సెంటీమీటర్ల చదరం ఒకటి అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. ఈ పని అందరికీ విసుగే. దీన్ని దాటవేసినవాళ్ళు తర్వాత మేజోడు మొత్తం విప్పుతారు.

లెక్క ఇలా. పాదం చుట్టు 22 సెంటీమీటర్లు అనుకుందాం. మేజోడు కాలికి అతుక్కుని ఉండాలంటే పదో వంతు తక్కువ ఉండాలి, అంటే 19.8. చదరంలో 10 సెంటీమీటర్లకు 24 కుట్లు వచ్చాయంటే సెంటీమీటరుకు 2.4. రెండూ గుణిస్తే 47.5. దగ్గర్లో 4తో భాగించబడే సంఖ్య 48. మన మేజోడు 48 కుట్లది. మీ లెక్క వేరే అయితే కింద చెప్పే సగాలు, పావులు దానికి తగ్గట్టు మార్చుకోండి.

మేజోడు, పైనుంచి కిందకు

48 కుట్లు వదులుగా ఎక్కించండి. చేయి బిగువైనవాళ్ళు రెండు సూదులు కలిపి పట్టుకుని వాటి మీద ఎక్కించి, తర్వాత ఒకటి లాగేయాలి. ఈ అంచు బిగిస్తే మేజోడు ఎంత బాగున్నా మడమ దాటి ఎక్కదు. కుట్లు మెలి తిరగలేదని చూసుకుని గుండ్రంగా కలపండి. 2 నిట్, 2 పర్ల్ చొప్పున 5 సెంటీమీటర్లు అల్లితే సాగే అంచు వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళకూ కాళ్ళు వాచేవాళ్ళకూ అయితే ఈ అంచును ఒక నంబర్ లావు సూదితో అల్లండి, చర్మం మీద అచ్చు పడకూడదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు బిగుసుకుపోయిన పెద్దవాళ్ళు వంగి మేజోళ్ళు లాక్కోలేరు. అలాంటివారికి అంచు మరీ పొట్టిగా, మూతి వెడల్పుగా ఉంచడమే అసలు బహుమతి. అంచు తర్వాత అన్నీ నిట్ కుట్లతో ఇంకో 10 సెంటీమీటర్లు దిగండి. పట్టీలు పెట్టుకునేవారికి అంచునూ ఈ భాగాన్నీ మేజోడు పట్టీ కిందే ఆగేంత పొట్టిగా ఉంచండి, కొక్కేనికి ఊలు చిక్కుకోదు.

ఇప్పుడు మడమ. చాలామంది ఇక్కడికి వచ్చి సూదులు పక్కన పెట్టేస్తారు, నిజానికి ఇది లెక్క తెలిసిన ఆట. 48లో సగం, అంటే 24 కుట్ల మీదే ముందుకూ వెనక్కూ అల్లాలి. మిగతా 24 పాదం పైభాగానివి, కదలకుండా ఉంటాయి. ముఖం వైపు వరుసలో మొదటి కుట్టు అల్లకుండా జరిపి, తర్వాతది నిట్, ఇలా చివరిదాకా ఒకటి జరపడం ఒకటి నిట్. వెనక వరుసలో మొదటిది జరిపి మిగతావన్నీ పర్ల్. ఇలా 24 వరుసలు. జరిపిన కుట్ల వల్ల మడమ రెండు పొరల మందంగా వస్తుంది. పగిలిన మడమ గరుకు కాగితం లాంటిది, మామూలు అల్లికను రెండు నెలల్లో తినేస్తుంది. అందుకే ఈ 24 వరుసల్లో ఊలుతో పాటు అదే రంగు పాలిస్టర్ కుట్టుదారం ఒకటి కలిపి పట్టుకోండి.

మడమ మలుపు. మొదటి వరుస: 1 జరిపి, 13 నిట్, ఎడమకు వాలే తగ్గింపు ఒకటి, 1 నిట్, తిప్పండి. ఎడమకు వాలే తగ్గింపు అంటే రెండు కుట్లను ఒక్కొక్కటిగా నిట్ వేసేలా కుడి సూది మీదకు జరిపి, ఎడమ సూది వాటి ముందునుంచి గుచ్చి రెండూ కలిపి అల్లడం. పక్కన 7 కుట్లు అల్లకుండా ఉండిపోతాయి, కంగారు పడకండి. రెండో వరుస: 1 జరిపి, 5 పర్ల్, 2 కలిపి పర్ల్, 1 పర్ల్, తిప్పండి. ఈ వైపు కూడా 7 మిగులుతాయి. మూడో వరుస: 1 జరిపి, 6 నిట్, తగ్గింపు, 1 నిట్, తిప్పండి. నాలుగోది: 1 జరిపి, 7 పర్ల్, 2 కలిపి పర్ల్, 1 పర్ల్. ఇలా ప్రతి వరుసకూ మధ్యలో ఒక కుట్టు పెరుగుతుంది. తగ్గింపు ఎప్పుడూ ఖాళీ సందు కనిపించే చోటే పడుతుంది కాబట్టి లెక్క మరిచినా కన్ను చెబుతుంది. చివరి రెండు వరుసల్లో తగ్గింపు తర్వాత వేయడానికి కుట్టు ఉండదు, అంతటితో తిప్పేయండి. సూది మీద 14 కుట్లు ఉంటే మీ మడమ కుదిరినట్టు. చేత్తో పట్టుకుని చూడండి, చిన్న దోసిలిలా ఉంటుంది. నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఈ ఒక్క ఘట్టం దగ్గర ఎవరికైనా చూపించాలనిపిస్తుంది.

14 కుట్లూ నిట్ వేసి, మడమ పక్క అంచున గొలుసులా కనిపించే 12 కన్నాల్లోంచి 12 కుట్లు, మూలలో సందు పడకుండా ఇంకొకటి, మొత్తం 13 లేపండి, అంటే కన్నంలోకి సూది గుచ్చి ఊలును కొత్త కుట్టుగా బయటకు లాగండి. పైభాగపు 24 అల్లి, రెండో పక్క కూడా 13 లేపండి. ఇప్పుడు మొత్తం 64. ఒక చుట్టు మామూలుగా, ఒక చుట్టు తగ్గిస్తూ సాగాలి. తగ్గించే చుట్టులో పైభాగపు 24ను ముట్టుకోకండి. అడుగుభాగం మొదట్లో 1 నిట్, ఎడమకు వాలే తగ్గింపు, చివర్లో 3 మిగిలినప్పుడు 2 కలిపి నిట్, 1 నిట్. చుట్టుకు 2 చొప్పున 8 సార్లు తగ్గితే మళ్ళీ 48కి వస్తారు.

ఇక తగ్గింపులు లేకుండా పాదం పొడవునా అల్లుకుంటూ పోవడమే. టీవీ చూస్తూ చేసే భాగం ఇది. పాదం 24 సెంటీమీటర్లు అయితే మేజోడు 23 చాలు. మడమ నుంచి కొలిచి 18.5 దగ్గర ఆగండి, మిగతా 4.5 వేళ్ళ భాగం. అడుగుకూ పైభాగానికీ చెరి 24. ఒక్కోదానిలో ఇందాకటి పాటే: 1 నిట్, ఎడమకు వాలే తగ్గింపు, చివర్లో 2 కలిపి నిట్, 1 నిట్. చుట్టు విడిచి చుట్టు 6 సార్లు చేస్తే 24 మిగులుతాయి, తర్వాత వరుసగా 2 చుట్లు తగ్గిస్తే 16.

పైవి 8, కిందివి 8 రెండు సూదుల మీద ఎదురెదురుగా పెట్టి లావు కుట్టుసూదితో కలపాలి. దీన్ని కిచెనర్ కుట్టు అంటారు. మొదట ముందు సూది కుట్టులోకి పర్ల్‌లా గుచ్చి వదలండి, వెనక సూది కుట్టులోకి నిట్‌లా గుచ్చి వదలండి, రెండూ సూది మీదే ఉంటాయి. అక్కడి నుంచి మంత్రం: ముందు నిట్‌లా గుచ్చి దించు, పర్ల్‌లా గుచ్చి ఉంచు, వెనక పర్ల్‌లా గుచ్చి దించు, నిట్‌లా గుచ్చి ఉంచు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకండి. ఈ కలయిక వల్ల వేళ్ళ మీద గట్టు రాదు.

రెండోదాన్ని అదే వారంలో మొదలుపెట్టండి. ఆలస్యమైతే చేతి బిగువు మారుతుంది, ఒక కాలు బిగువు, ఒక కాలు వదులు అవుతుంది.

మెట్టెలు, బొటనవేలు

మా వదినకు రెండు రంగుల పూల మేజోళ్ళు అల్లి ఇచ్చినప్పుడు నేర్చుకున్న పాఠమిది. రెండు రంగులు ఒకే వరుసలో అల్లితే వాడని రంగు లోపల పోగులుగా వేలాడుతుంది. ఆ పోగులకు మెట్టె తగులుకుని, లాగితే పోగు తెగుతుంది, లాగకపోతే కాలు బయటకు రాదు. అప్పటినుంచి మెట్టెలు పెట్టుకునేవారికి అడ్డ చారలే వేస్తున్నాను, చుట్టు మొత్తం ఒకే రంగు. మిగులు ఊలుకు కూడా చారలే అనుకూలం. వేళ్ళ భాగంలోనూ కుట్టుదారం కలపండి, మెట్టె రాపిడి రెండో వేలి దగ్గరే ఎక్కువ. తెల్ల రంగు మానేసి ఆవాల పసుపు రంగు ఎంచుకుంటే పేరంటం మరకలు కూడా కలిసిపోతాయి.

చెప్పులతో వేసుకోవాలంటే బొటనవేలు విడిగా ఉండాలి. బొటనవేలి మొదలు దగ్గరకు, అంటే కొసకు సుమారు 5 సెంటీమీటర్ల ముందు ఆగి, ఆ వైపు పైన 8, కింద 8 కుట్లను వేరే దారం మీదకు ఎక్కించి పక్కన పెట్టండి. మిగిలిన 32కి, సందు దగ్గర కొత్తగా 4 కలిపితే 36. వీటి మీద 6 చుట్లు మామూలుగా అల్లి, తర్వాత 8 చుట్లలో ప్రతి చుట్టుకూ చిటికెనవేలి వైపు మాత్రమే 2 చొప్పున తగ్గిస్తే 20 మిగులుతాయి, 10, 10గా కలిపేయండి. పక్కన పెట్టిన 16కు సందు దగ్గర 4 లేపి 20 చేసి 11 చుట్లు అల్లి, రెండేసి కలిపి 10, మళ్ళీ రెండేసి కలిపి 5, వాటిలోంచి దారం లాగి ముడి వేయండి. కుడి కాలికీ ఎడమ కాలికీ బొటనవేలు ఎటు వైపో ముందే చీటీ మీద రాసుకోండి. నేను రెండూ ఎడమవే అల్లిన ఘనురాలిని.

పసిపిల్ల టోపీ

ఇరవై ఒకటో రోజుకో తొట్టెల వేడుకకో ఇచ్చే టోపీకి పెద్ద లెక్క లేదు. అప్పుడే పుట్టిన బిడ్డ తల చుట్టు దాదాపు 35 సెంటీమీటర్లు, అదే ఊలుతో 72 కుట్లు. 1 నిట్, 1 పర్ల్‌తో 3 సెంటీమీటర్లు, తర్వాత అన్నీ నిట్‌తో మొత్తం 12 దాకా. అప్పుడు 7 నిట్, 2 కలిపి నిట్, ఇలా చుట్టంతా. తర్వాత తగ్గించే చుట్టులో 6 నిట్, ఆ తర్వాత 5, అలా దిగుతూ రండి. మొదటి నాలుగు తగ్గింపుల తర్వాత ఒక్కో మామూలు చుట్టు, ఆ పైన ఆపకుండా తగ్గించి 8 కుట్లలోంచి దారం లాగేయాలి. మూడు నెలలకు తల 40 సెంటీమీటర్లు అవుతుంది కాబట్టి వేడుక ఆలస్యమైతే 80 కుట్లతో, 8 నిట్ దగ్గర మొదలుపెట్టండి. గుండీలు, కట్టే తాళ్ళు, పూసలు వద్దు. చిన్న మేజోళ్ళలో లోపల వదులు దారం కొస ఉంటే పసివేలికి చుట్టుకుని రక్తం ఆగిపోతుంది, అందుకే లోపలివైపు తిప్పి రెండుసార్లు చూడండి. ఇంట్లో నిద్రపోయే బిడ్డకు టోపీ తీసేయమని తల్లికి చెప్పండి, తల కప్పి ఉంటే ఒంటి వేడి బయటకు పోదు.

ఉతికి, ఇచ్చేముందు

ఎరుపు, నీలం లాంటి ముదురు రంగులు వదులుతాయో లేదో తడి తెల్లగుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచి చూడండి. చన్నీళ్ళలో కాస్త కుంకుడు రసం కలిపి ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో నులక మంచం మీద పరచి ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు పొడవు సాగిపోతుంది.

శివరాత్రికి చలి శివ శివా అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు అంటారు, ఆ తర్వాత ఇచ్చిన మేజోళ్ళు వచ్చే ఏడాది దాకా పెట్టెలోనే ఉంటాయి. నాకు ఒక జతకు రెండు వారాలు పడుతుంది కనుక బతుకమ్మ పూలు వాడేలోపే మొదటి జత సూదుల మీద ఉండాలి. ఇచ్చే పొట్లంలో ఏ రకం ఊలు, ఎలా ఉతకాలి అన్నది చీటీ మీద రాసి పెట్టండి. దాంతోపాటు అదే రంగు ఊలు రెండు మూరలు చిన్న ఉండగా చుట్టి ఒక మేజోడు లోపల దూర్చండి. మడమ చిరిగినప్పుడు వాళ్ళు మీ దగ్గరికే తెస్తారు, అప్పటికి ఆ రంగు మీ పెట్టెలో మిగిలి ఉండదు.